మార్జిన్లో పిన్ని

రాజధాని
సభా భవనం, నివేదికల విభాగం, కిటికీ లేని గది

పూజ్యురాలైన పిన్ని గారి పాదపద్మాలకు,

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం వల్ల పార్లమెంటు గౌరవానికి భంగం కలిగినా, దేశ చరిత్ర గతి తప్పినా, బాబాయి మధ్యాహ్నం నిద్ర చెడినా ఆ పాపమంతా నాదే. మహిళలకు మూడో వంతు సీట్లు కేటాయించే బిల్లుని నిన్న సభలో ప్రవేశపెట్టింది కూడా నేనే. కాగితం చదివింది మంత్రి గారే అనుకో. కానీ ఆయన చదివిన ప్రతి ముక్కా రాసుకున్నది నేను. నేను రాసుకోకపోతే ఆయన చదివినట్టు ఎవరికి తెలుస్తుంది? కాబట్టి ఇంత ఆలస్యం చేసినందుకు, ఈ దేశపు మగజాతి యావత్తు తరఫునా, శిరస్సు వంచి...

వంచనులే. మెడ పట్టేసింది.

మెడ ఎందుకు పట్టేసిందో కూడా చెప్పాలి. నేను "పార్లమెంటులో పెద్ద పని" చేస్తున్నానని నువ్వు వీధంతా చాటుతున్నావట. ఆ పెద్ద పని ఇది: సభ మధ్యలో ఒక బల్ల ఉంటుంది. దాని ముందు కూచుని, చుట్టూ ఎవరేం మాట్లాడినా తల ఎత్తకుండా షార్ట్‌హ్యాండులో రాసుకోవాలి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలే. అవగానే వెనకనుంచి ఇంకొకడు వచ్చి భుజం తడతాడు. నేను లేచి, మెట్లెక్కి, రాసింది టైపు కొట్టాలి. దేశ భవిష్యత్తు నా చేతికి రావడం, ఐదు నిమిషాల్లో జారిపోవడం, రోజుకి ఎనిమిదిసార్లు.

అసలు సంగతి వేరే ఉంది. నిన్న మన మెంబరు గారు బస్టాండ్ల మీద మాట్లాడారు. మొదటి వాక్యానికే నాకు నీ చెయ్యి తెలిసిపోయింది. పద్నాలుగేళ్ళుగా ఊళ్ళో ఆయన ఆఫీసు నడుపుతూ ఆయన చేత నువ్వు పలికిస్తున్న మాటలు, నీ ఇంట్లో ఉండి కాలేజీకెళ్ళిన నేను పోల్చుకోలేనా? బ్రహ్మాండంగా చదువుతున్నారు. మధ్యలో ఉన్నట్టుండి, అదే గొంతుతో, అదే గాంభీర్యంతో, "ఇక్కడ ఒక్క క్షణం ఆగి, కళ్ళజోడు తీసి, గ్యాలరీ వైపు బాధగా చూడాలి" అన్నారు. అని, కళ్ళజోడు మాత్రం తియ్యలేదు. సభ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

సాయంత్రం మా గదిలో సవరణల బల్ల మీద టైపు కాగితాలు పెడతాం. నోరు జారిన మాట ఏదైనా ఉంటే మెంబరు వచ్చి దాని మీద గీత కొట్టి పొట్టి సంతకం పెడతారు. పెడితే ఆ మాట సభలో అననట్టే లెక్క. మనాయన వచ్చారు, గీత కొట్టారు, సంతకం పెట్టారు. వెళ్తూ వెళ్తూ "మీ పిన్నికి చెప్పకు బాబూ" అన్నారు.

అందుకే చెబుతున్నాను.

ఇంకో చిన్న సందేహం. మూడో వంతు సీట్లలో మనది కూడా పడితే ఎవరు నిలబడతారు పిన్నీ? ఊరికే అడిగాను.

ఇట్లు, నీ చేతిలో ఎన్ని మొట్టికాయలు తిన్నా బాగుపడని,
పిడుగు

*

మెంబరు గారి ఆఫీసు
గడియారాల కొట్టు మీది గది

చిరంజీవి పిడుగుకి,

నీ ఉత్తరం కిందికి తీసుకెళ్ళి మీ బాబాయికి చదివి వినిపించాను. చేతిలో గడియారం విప్పి ఉంది, తల ఎత్తకుండా "ఊఁ" అన్నారు. ఇంకాసేపటికి మళ్ళీ "ఊఁ" అన్నారు. అంటే బాగా నచ్చిందన్నమాట.

మెంబరు గారిని చూసి ఇకిలించకు. తప్పు నాది. చదవాల్సిందీ, పక్కన ఆయనకి చెప్పాల్సిందీ ఒకే సిరాతో రాశాను. ఇకనుంచి పక్కన రాసేవి ఎర్రసిరాతో రాస్తాను. ఆయన చెడ్డమనిషి కాదు. కాగితం మీద ఏముంటే అది నమ్మి చదువుతారు. నేను రాసిన దాంట్లో ఒక్క ముక్క మార్చినవారు కాదు. నువ్వు నా మాట అంత నమ్మావా ఎప్పుడైనా? పరీక్షల ముందు చదవరా అంటే నిమ్మళంగా ఈగల్ని లెక్కపెట్టేవాడివి.

ఇక్కడ కాస్త తీరికైంది. పింఛను ఆఫీసువాళ్ళు పుస్తకంలో చచ్చిపోయినట్టు రాసేసిన ముసలావిడ గుర్తుందా, మొన్న నీకు చెప్పాను. ఆవిడ కౌంటరు ముందు నిలబడి "నాయనా, నేనే, బతికే ఉన్నాను" అంటే గుమాస్తా "ఉన్నట్టు కాగితం తెచ్చావా?" అన్నాడట. నాలుగు ఉత్తరాలు రాశాను, లాభం లేకపోయింది. చివరికి ఆవిణ్ణి వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను. "బాబూ, ఈవిడ పోయినట్టు నీ దగ్గర ఉన్న కాగితం చూపించు, కింద సంతకం ఎవరు చేశారో వాళ్ళతోనే మాట్లాడతాను" అన్నాను. వెతికాడు, వెతికాడు, లేదు. పక్క పేజీలో ఎవరో పోతే ఈవిడ పేరు మీద గీత కొట్టాడు వెధవ. ఆవిణ్ణి బతికించేసరికి నాకు ఆరు వారాలు పట్టింది. నిన్న వచ్చి నా చేతులు పట్టుకుని కాసేపు కూచుని వెళ్ళింది.

సీటు సంగతి అడిగావు. నేను రాసే మనిషిని, నిలబడే మనిషిని కాను. నలుగురిలో లేస్తే నా గొంతు నాకే వినపడదు. మళ్ళీ ఆ మాట ఎత్తావంటే ఈసారి మొట్టికాయ పోస్టులో పంపిస్తాను.

మెడకి కాపడం పెట్టుకో.

మీ పిన్ని

*

రాజధాని
అదే గది, కిటికీ ఇంకా పెట్టలేదు

శ్రీమతి పిన్ని గారి సముఖానికి, అతి ముఖ్యము,

ఎర్రసిరా వార్త విని సభలో పలువురు నిరాశ చెందారు. ఈమధ్య బస్టాండ్ల మీద చర్చంటే జనం బాగా వస్తున్నారు.

బిల్లు మీద చర్చ సాగుతోంది. మూడువందల మందిలో ఆడవాళ్ళు పదకొండు మంది, తెలుసుగా. వాళ్ళని తలుపు పక్కన కూచోబెట్టారు. తలుపు తెరిచినప్పుడల్లా వాళ్ళ కాగితాలు ఎగురుతాయి. అందులో ఒకావిడ పూర్వం నర్సు. నిన్న ఆవిడ మాట్లాడుతుంటే వంతు నాది. సభలో ఎవరైనా అడ్డం తగిలితే మేం బ్రాకెట్లో "అంతరాయం" అని రాయాలి. నా ఐదు నిమిషాల్లో తొమ్మిదిసార్లు రాశాను. పైకి వెళ్ళి టైపు కొట్టి చూస్తే ఆవిడ మాటలకంటే బ్రాకెట్లే ఎక్కువున్నాయి. ఒకడెవడో "ముందు ఇల్లు చక్కబెట్టుకోండమ్మా" అన్నాడు. ఆవిడ కళ్ళు కూడా అటు తిప్పకుండా "మీ ఇంట్లో ఎవరు చక్కబెడుతున్నారో వారిని రేపు ఇక్కడికి పంపండి, మీరు రెండ్రోజులు ఇంటి దగ్గర ఉండండి" అంది. అది మాత్రం బ్రాకెట్ లేకుండా, కొట్టొచ్చినట్టు టైపు చేశాను.

మా మగ మెంబర్లకి ఈ బిల్లంటే ఎంత ప్రేమో చెప్పలేను. సీటు పక్కవాడిదైతే. అందుకని కమిటీవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. ఏ సీట్లు ఆడవాళ్ళకో ముందే చీటీలు తీసి, ఆ జాబితా బిల్లుకి అంటించి, అప్పుడు ఓటు వెయ్యమన్నారు. ఇవాళ పొద్దున తీశారు. పెద్ద గాజు జాడీ, మూడువందల చీటీలు. ఒక్కో నంబరు చదువుతుంటే పోయినవాళ్ళు తల గోక్కోవడం, మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టడం. మన మెంబరు గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నారు. డెబ్భై రెండో చీటీ తీశారు.

ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

అవును పిన్నీ. మనదే.

మొట్టికాయ పోస్టులో పంపించు, ఫరవాలేదు. నిలబడు.

పిడుగు

*

మెంబరు గారి ఆఫీసు

చిరంజీవి పిడుగుకి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం.

మెంబరు గారు సోమవారం వచ్చారు. అర్జీలిచ్చేవాళ్ళు కూచునే కుర్చీలో కూచున్నారు. ఇన్నేళ్ళలో అందులో కూచోవడం ఇదే మొదలు. బిల్లు మీద చివరి రోజు మాట్లాడాలి, వ్యతిరేకంగా రాసివ్వమన్నారు. మన ప్రాంతంలో ఆ బాధ్యత మొయ్యగల ఆడవాళ్ళు ఇంకా తయారవలేదని, ఇంకో పదేళ్ళు ఆగితే మంచిదని రాయాలి. "ఒకవేళ బిల్లు నెగ్గినా మనకి ఇబ్బందేం లేదమ్మా, మా ఆవిడ నిలబడుతుంది. సంతకం తనది, మిగతాదంతా చూసుకోడానికి మీరున్నారుగా" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

రాశాను. బాగానే వచ్చింది. ఆయన రాజధానికి తీసుకెళ్ళారు. నీ వంతులో పడితే జాగ్రత్తగా రాసుకో.

వీధి కుళాయి బాగుచేశారు. దక్షిణం వైపు కిటికీ రెక్క ఊడింది, వడ్రంగి రావాలి.

మీ బాబాయికి ఉపన్యాసం చదివి వినిపించాను. ఊఁ కూడా అనలేదు.

మీ పిన్ని

*

రాజధాని
నివేదికల విభాగం, గది తలుపు గడియ వేసుకుని

పిన్నీ,

నీ కిందటి ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్క తిట్టు లేదు. పుట్టి బుద్ధెరిగాక నీ దగ్గర్నుంచి తిట్టు లేని ఉత్తరం నాకు ఎప్పుడూ రాలేదు. వడ్రంగి రావాలట!

ఇవాళ చివరి రోజు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నిలబడి చదువుతున్నావా? కూచో.

మెంబరు గారు లేచేసరికి నేనే బల్ల దగ్గర ఉన్నాను. నీ వాక్యాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఎంత బాగా రాశావే తల్లీ! ఆడవాళ్ళ మీద గౌరవం, తొందర వద్దనే పెద్దరికం, అన్నీ తూకం వేసినట్టున్నాయి. నాకే సభలో ఓటుంటే ఇంకో పదేళ్ళు ఆగుదామనేవాణ్ణి. రాసుకుంటుంటే నీ మీద ఒళ్ళు మండింది.

అప్పుడు ఇదిగో, ఈ ముక్క వచ్చింది. నా నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు:

"అధ్యక్షా, మా నియోజకవర్గంలో తెలివైన ఆడవాళ్ళు లేకపోలేదు. కానీ ఈ సభలో కూచుని జనం కష్టం చెప్పగల అనుభవం ఉన్న మహిళ ఇప్పటికి ఒక్కరూ లేరు. ఇక్కడ ఆగండి. ఈ వాక్యం రాసిన చెయ్యి ఎవరిదో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. గుర్తొచ్చాక కూడా చదవాలనిపిస్తే, తర్వాతి పేజీ తిప్పండి."

అదే గొంతు. అదే గాంభీర్యం.

వెనక బెంచీల్లో నలుగురు అలవాటుగా నవ్వారు. "నవ్వులు" అని బ్రాకెట్లో రాశాను. తర్వాత ఎవరూ నవ్వలేదు. దానికి మా దగ్గర బ్రాకెట్ లేదు.

నర్సుగారు లేచింది. "ఎవరిదండీ ఆ చెయ్యి?" అంది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది.

మెంబరు గారు కాగితం వైపే చూస్తున్నారు. ఇంకా రెండు పేజీలున్నాయి. "మా ఆఫీసులో ఆవిడది" అన్నారు. "పద్నాలుగేళ్ళుగా నేనిక్కడ చెప్పినవన్నీ ఆవిడవే. నాకు..." అని ఆపేశారు. పేజీ తిప్పలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని కూచున్నారు. నా భుజం మీద ఎవడో తట్టాడు, ఐదు నిమిషాలైపోయాయట. మెట్ల మీద కూచుని కాసేపు ఏం చేశానో నీకు చెప్పను.

బిల్లు నెగ్గింది. ఒప్పుకున్నవాళ్ళు లేచి నిలబడాలి. మన మెంబరు గారు అందరికంటే ఆలస్యంగా, బెంచీ పట్టుకుని, లేచారు.

సాయంత్రం సవరణల బల్ల దగ్గరికి వచ్చారు. గీత కొట్టలేదు. ఆ మాటలు ఇక రికార్డులోనే ఉంటాయి.

పిడుగు

*

గడియారాల కొట్టు మీది గది

ఒరేయ్,

ఆ ముక్క నేను ఆయనకి రాసుకున్నది! ఆయన ఒక్కరికి! ఎర్రసిరాతో రాశాను. అక్కడ బసలో ఎవడో బుద్ధిమంతుడు నా చేతిరాత చదవడం కష్టమని మొత్తం టైపు కొట్టి ఇచ్చాడట. ఎరుపూ నలుపూ తేడా లేకుండా! తలెత్తుకుని వీధిలోకి ఎలా వెళ్ళను? పద్నాలుగేళ్ళు అన్నం పెట్టిన ఆఫీసు. మూడువందల మందిలో ఆయన్ని నిలబెట్టి కడిగేసినట్టయింది.

నువ్వు రాసుకోకుండా ఉండలేకపోయావా? పెన్ను కింద పడేసుకోవాల్సింది. ఎందుకూ పనికిరాని ఉద్యోగం నీది.

పిన్ని

*

గడియారాల కొట్టు మీది గది
మూడు వారాల తర్వాత

చిరంజీవి పిడుగుకి ఆశీస్సులు.

అన్ని తిట్లకీ జవాబు రాయకుండా ఊరుకున్నావంటే నీకు ఒంట్లో బాగాలేదేమోనని బెంగపెట్టుకున్నాను. బాగానే ఉన్నావని రాజధాని వచ్చి వెళ్ళిన పక్కింటివాళ్ళబ్బాయి చెప్పాడు. సరే, విను.

మెంబరు గారు రెండు వారాల పాటు మొహం చూపించలేదు. నేను రాజీనామా కాగితం రాసి డ్రాయరులో పెట్టుకున్నాను. పోయిన బుధవారం వచ్చారు. మళ్ళీ ఆ అర్జీల కుర్చీలోనే కూచున్నారు. నేను కాగితం తీసేలోపే, "వచ్చే నెల ఎన్నికలకి పార్టీ కమిటీలో మీ పేరు చెప్పానమ్మా. వాళ్ళూ సరేనన్నారు" అన్నారు.

"నా పేరేంటండీ? మీ ఆవిడ గారు?"

"అడిగాను. 'మోకాళ్ళ నొప్పులతో మన మెట్లే ఎక్కలేకపోతున్నాను, పార్లమెంటు మెట్లా? నన్నొదిలెయ్యండి బాబూ, రాసేవాళ్ళనే పంపండి' అంది. మీరెలాగూ ఒప్పుకున్నారటగా."

నేను ఒప్పుకున్నానట! ఎప్పుడు? ఎవరితో? కాదని చెప్పడానికే నోరు తెరిచాను. నిజంరా, ఒట్టు. తీరా నోట్లోంచి వచ్చింది మాత్రం, "నామినేషను ఎప్పటిలోగా వెయ్యాలండీ?" అని.

నీకు ఇన్నాళ్ళూ అబద్ధమే రాశాను. నువ్వు మొదటిసారి అడిగిన రోజే నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టినందుకు సిగ్గేసింది, అందుకే తిట్టాను. ఆ వ్యతిరేక ఉపన్యాసం రాసిన రోజు అన్నం తినలేకపోయాను. బాగా వచ్చిందని రాశాను చూడు, అది మాత్రం నిజం. అదే నా బాధ.

ఆయన వెళ్ళాక కిందికి దిగి మీ బాబాయిని నిలదీశాను. "నేను ఒప్పుకున్నానని ఆయనతో చెప్పింది మీరేనా?" అన్నాను. భూతద్దం కంటికి పెట్టుకుని "ఊఁ" అన్నారు. ఇంత పని చేస్తారా, నన్ను ఒక్క మాట అడగరా అని మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయన నా పాత చెప్పులకి కుట్లు వేయించుకొచ్చి, "తిరగాలిగా" అన్నారు. మనిషి నోట అంత పొడుగు మాట విని ఎన్నాళ్ళైందో. కోపం పోయింది. ముప్ఫై ఏళ్ళలో నా గురించి ఆయన ఎవరితోనైనా మాట్లాడారంటే అదే చాలనిపించింది.

నిన్న నామినేషను వేశాను. ముసలావిడ, పింఛనావిడ, నన్ను బలపరుస్తూ మొదటి సంతకం తనే పెడతానని పట్టుపట్టింది. గుమాస్తా ఓటర్ల జాబితాలో ఆవిడ పేరు వెతుకుతుంటే నేనూ బల్ల మీదికి వంగి వెతికాను. ఉందిరా. బతికే ఉంది.

ఉపసంహరించుకోవాలంటే వచ్చే శుక్రవారం దాకా గడువుందట. అందరికీ చెబుతారట ఆ మాట. నాకెందుకులే.

ఉపన్యాసం రాసుకుంటున్నాను. నా కోసం నేను రాసుకోవడం ఎంత కష్టమో తెలుసా? పక్కన ఎర్రసిరాతో ఏం రాయాలో తోచడం లేదు.

మీ పిన్ని

*

రాజధాని
నివేదికల విభాగం

పిన్నీ,

ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపిస్తున్నాను. శుక్రవారం లోపల నీకు అందాలి.

నీ ఉత్తరం చదివి ముందు గంతులేశాను, మా పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూస్తున్నా సరే. తర్వాత బాబాయి చెప్పుల సంగతి దగ్గర ఆగిపోయాను. ఆ మనిషికి ఆ పేరు అలాగే వదిలేద్దామని రెండు రోజులు చూశాను. నా వల్ల కావడం లేదు.

బిల్లు నేను తేలేదు. చీటీ నేను తియ్యలేదు. నీ ఎర్రసిరాని నల్లగా కొట్టింది నేను కాదు. సభలో నేను చేసింది రాసుకోవడమే. బాబాయి కూడా ఏమీ చెప్పలేదు. నువ్వడిగిన దేనికైనా ఆయన ఊఁ అనే అంటారు, అది నీకూ తెలుసు. చెప్పులు మాత్రం నిఖార్సుగా ఆయనవే, వాటి జోలికి నేను రాను.

ఆ సాయంత్రం మెంబరు గారు సవరణల బల్ల దగ్గరికి వచ్చారని రాశాను కదా. సగమే రాశాను. ఆయన పెన్ను తీశారు. మూత విప్పారు. ఆ మూడు వాక్యాల మీద గీత కొట్టడానికి వంగి, కొట్టకుండా, నా వైపు చూసి అడిగారు:

"మీ పిన్నికి నిలబడాలని ఉందా బాబూ? నేను అడగలేదు. అడిగితే ఒప్పుకుంటుందా?"

నాకు తెలియదని చెప్పాలి. నాకు తెలియదు కూడా. నా దగ్గరున్నదల్లా తిట్టు లేని ఒక ఉత్తరం. "ఆవిణ్ణే అడగండి సార్" అంటే సరిపోయేది. పొద్దుటినుంచీ అక్కడ మెంబర్లంతా ఆడవాళ్ళని అడక్కుండా వాళ్ళ తరఫున తామే మాట్లాడేస్తున్నారని పళ్ళు నూరుతూ రాసుకున్నవాణ్ణి, ఆ మాత్రం తెలిసుండాలి. గదిలో ఇంకెవరూ లేరు, మా వంతు కాదు, రాసుకునేవాడు లేడు.

"ఒప్పుకుంది సార్" అన్నాను.

ఆయన పెన్నుకి మూత పెట్టేశారు.

పిన్నీ, క్షమించు. మొదటి ఉత్తరంలో లాగా కాదు. నేను చేసింది ఇదొక్కటే, నిన్ను అడక్కుండా చేశాను. శుక్రవారం దాకా గడువుంది.

పిడుగు